లెక్క తేలకముందే పాతిన గొడ్డలి

ఆరువందల పద్నాలుగు. రాష్ట్రమంతా కలిపి నాలుగు లక్షల పైచిలుకు ఓట్లు పడితే మావిస్ డెరిక్సన్ వెనకబడింది ఆరువందల పద్నాలుగుతో. ఓడిపోయిందని మంగళవారం రాత్రే టీవీవాళ్ళు తేల్చేశారు. గురువారం పొద్దున్నకి ఊరూ తేల్చేసింది. తేల్చాల్సిన న్యాయమూర్తులు మాత్రం జార్జ్‌టౌన్ కోర్టులో అప్పుడే వచ్చి కుర్చీలు జరుపుకుంటున్నారు.

డెలావేర్ అరచేతిలో పట్టే రాష్ట్రం. వాషింగ్టన్‌లోని దిగువ సభకి ఇక్కణ్ణుంచి వెళ్ళేది ఒక్కరే. ఇక్కడ కాకపోతే పక్క నియోజకవర్గం ఉందిలే అనుకోవడానికి పక్క నియోజకవర్గమే లేదు. అలాంటి సీటుకి కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే నల్లజాతి ఆడది పోటీ ఏమిటని మొదట్లో అందరూ నవ్వారు. ఇరవై ఆరేళ్ళు ఆమె చేసిన పని ఒక్కటే. చీకటి గదిలో నిలబడి, రెక్కలు కొట్టుకునే కోడిని రెండు కాళ్ళూ పట్టి, తలకిందులుగా కొక్కానికి తగిలించడం. నిమిషానికి పాతిక కోళ్ళు. ఆ కొక్కాలు ఎంత వేగంగా తిరగాలో రాసేది ఫ్యాక్టరీ యజమాని కాదు, వాషింగ్టన్. ఈ సంగతి తెలిసిన రోజే ఆమె వాషింగ్టన్ వెళ్తానంది. కుడిచేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకోని మనిషి, ఆ చేత్తోనే ఊరూరా కరచాలనం చేసి ఓట్లడిగింది. ఆగస్టు దాటేసరికి నవ్వులు ఆగాయి. అక్టోబరులో అవతలి పార్టీ అభ్యర్థి ప్రెస్టన్ కాలవే ముఖాన చెమట పట్టింది. ఆ కాలవేది తాతల కాలం నుంచీ వకీళ్ళ కుటుంబం.

గురువారం రిటర్న్ డే. ఓటింగ్ అయిన రెండోరోజు ససెక్స్ కౌంటీ జనమంతా జార్జ్‌టౌన్‌లో చేరతారు. నెగ్గినవాడూ ఓడినవాడూ ఒకే గుర్రబ్బండి ఎక్కి కోర్టు ముందున్న చక్రం అనే గుండ్రటి కూడలి చుట్టూ ఊరేగాలి. నెగ్గినవాడు ముందుకి చూస్తూ, ఓడినవాడు వెనక్కి తిరిగి. ఆ తర్వాత రెండు పార్టీల అధ్యక్షులూ ఒక గొడ్డలి పిడిని చెరోవైపూ పట్టుకుని, సముద్రం ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుకలో పాతిపెడతారు. పగలన్నీ మట్టిలో కలిసినట్టే. ఆ మధ్యాహ్నమంతా ఊరందరికీ కాల్చిన ఎద్దు మాంసం, బన్నులో పెట్టి ఉచితంగా.

ఆ ఎద్దుని కాల్చేది మావిస్ తండ్రి హోబర్ట్. ఎనభై ఒక్క ఏళ్ళు. నలభై నాలుగేళ్ళుగా కోర్టు వెనక ఖాళీ స్థలంలో ఆ ఎద్దు కాల్చే నిప్పుల గుంట ఆయనదే. అంతకు ముందు వాళ్ళ నాన్నది.

తొమ్మిది గంటలకి మావిస్ వెళ్ళేసరికి ఆయన పొడుగాటి కర్రకి గుడ్డ చుట్టి, మిరియాలూ వెనిగరూ కలిపిన నీళ్ళలో ముంచి మాంసానికి రాస్తున్నాడు. కళ్ళు పొగకి ఎర్రబడ్డాయి.

"నిద్రపోయావా?" అన్నాడు ఇటు తిరక్కుండానే.

"నువ్వు పోయావా?"

"నాకు ఎద్దుంది. నీకేముంది?"

"ఆరువందల పద్నాలుగున్నాయి."

హోబర్ట్ కర్రని బాల్చీలో పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "టోపీ తెచ్చుకున్నావా? బండి మీద గాలేస్తుంది."

"నేనింకా ఎక్కుతాననలేదు నాన్నా."

"మా నాన్న ఈ గుంట దగ్గర నిలబడి బళ్ళు ఆ మలుపు తిరగడం చూశాడు. నేనూ చూశా. ఎవడు నవ్వుతున్నాడో, ఎవడు పళ్ళు మాత్రమే చూపిస్తున్నాడో నాకిక్కణ్ణుంచే తెలిసిపోద్ది. మన ఇంటి మనిషి ఆ బండిలో కూచోడం ఒక్కసారి చూశాననుకో, ఇంకెవరి బండీ చూడక్కర్లేదు."

"వెనక్కి తిరిగి కూచోమంటారు."

"కూచో. ఎటు తిరిగితేనేం? బండి బండే కదా."

తండ్రి మీద కేకలెయ్యాలంటే మావిస్‌కి ఎప్పుడూ గొంతు రాదు. ఆ కోపమంతా వేరే చోట ఖర్చుపెట్టుకోవాల్సిందే.

పది గంటలకి క్లిఫర్డ్ ట్విల్లీ వచ్చాడు. కౌంటీలో ఆమె పార్టీకి అధ్యక్షుడు. గొడ్డలి పాతే ఇద్దరిలో ఒకడు. పొడుగు కోటూ, ఎత్తు టోపీ, పాతకాలపు పెళ్ళికొడుకులా తయారయ్యాడు.

"ఏం హోబర్ట్, ఉడికిందా?" అన్నాడు. అరవై ఏళ్ళవాడు ఎనభై ఏళ్ళవాణ్ణి అలాగే పేరు పెట్టి పిలుస్తాడు, ముప్ఫై ఏళ్ళ నుంచీ.

"అయిపోవచ్చింది ట్విల్లీ గారూ," అన్నాడు హోబర్ట్. ముప్ఫై ఏళ్ళ నుంచీ ఆయనా అలాగే పిలుస్తాడు.

"అమ్మా మావిస్, ఒకటిన్నరకి బండి. కాలవే గారిది తెల్లగుర్రాల బండి. ఫోటోలో బ్రహ్మాండంగా వస్తావు."

"నా దరఖాస్తు ఏమైంది ట్విల్లీ గారూ?"

తేడా వెయ్యికి లోపు ఉంటే ఓట్లు మళ్ళీ లెక్కించమని అడిగే హక్కు అభ్యర్థికి ఉంది. కానీ ఇవాళే అడగాలి, న్యాయమూర్తులు లెక్క మూసెయ్యకముందే. బుధవారమే ఆమె కాగితం రాసి, సంతకం పెట్టి, ట్విల్లీ చేతికిచ్చింది. పార్టీ వకీలు దాఖలు చెయ్యాలన్నాడాయన.

"వకీలు జేబులో భద్రంగా ఉంది. ఊరేగింపు కానీ. మూడింటికి నేనే దగ్గరుండి ఇప్పిస్తా. పండగ పూట ముందే కాగితం పడేస్తే పెళ్ళిపందిట్లో పాడె కట్టినట్టుంటుంది కదమ్మా. ఊరేం అనుకుంటుంది?"

"మూడింటికి తప్పకుండా ఇస్తారా?"

"నీ మీదొట్టు."

తన మీద ఒట్టు పెట్టుకోడానికి మాత్రం మనసొప్పలేదు పెద్దమనిషికి. మావిస్ అది గమనించలేదు. మంగళవారం నుంచీ కన్ను మూతపడని మనిషి, సరేనంది.

పదిన్నరకి డెల్మీ పెరెస్ పరుగు నడకతో వచ్చింది. పుట్టింది గ్వాటెమాలా, బతుకు ఇక్కడ, ఫ్యాక్టరీ లైనులో కత్తి పని. ఇంకా రబ్బరు బూట్లు విప్పలేదు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితాలు.

"పని మధ్యలో ఎలా వచ్చావే?"

"వచ్చేశా. ఏడో పాయింటు పడింది. ఎనిమిదైతే ఇంటికే." ఆ ఫ్యాక్టరీలో ఆలస్యానికి ఒక పాయింటు, జ్వరానికి ఒక పాయింటు, బిడ్డకి జ్వరమొస్తే ఇంకో పాయింటు. "ఇవి తీస్కో అక్కా. రెండొందల పదకొండు సంతకాలు. కొందరు భయపడి పెట్టలేదు. పెట్టినోళ్ళు కూడా భయపడే పెట్టారు."

మంగళవారం జరిగింది ఇది. పొద్దున్న ఏడింటికి ఎక్కిన షిఫ్టు అయిదింటికి దిగాలి. మధ్యాహ్నం రెండు గంటల సేపు లైను ఆపేశారు, మరమ్మతు అన్నారు. అయిదింటికి మళ్ళీ నడిపారు. లారీల్లో ఉన్న కోళ్ళన్నీ అయ్యేదాకా ఎవరూ కదలొద్దన్నాడు సూపర్‌వైజరు. కదిలితే పాయింటు కాదు, ఏకంగా రెండు పాయింట్లు. ఓటింగ్ ఎనిమిదింటికి ఆఖరు. లైను ఆపింది ఎనిమిదీ పదిహేనుకి.

"నేను కారు తోలుకుంటూ ఓట్లేసే బడికెళ్ళానక్కా. లైట్లు వెలుగుతున్నాయి. లోపల బల్లలు మడతపెడుతున్నారు. తలుపు కొట్టా. ఒక పెద్దావిడ వచ్చి సారీ హనీ అంది. పాపం మంచావిడే. ఏం చేస్తది?"

"ముందే వెయ్యొచ్చు కదే. పదిరోజులు తెరిచే ఉంచారు కదా."

"అందరూ అదే అంటున్నారు!" డెల్మీ గొంతు లేచింది. "మార్చిలో పౌరసత్వం వచ్చింది నాకు. పదకొండేళ్ళు తిరిగాను. వంద ప్రశ్నలు బట్టీ పట్టాను. దిగువ సభలో ఎంతమంది అన్నాడు ఆ ఆఫీసరు. నాలుగువందల ముప్ఫై ఐదు అన్నాను. మొదటి ఓటు అసలు రోజునే వెయ్యాలనుకున్నా. అది తప్పా? కారులో మంచి చొక్కా కూడా పెట్టుకున్నా, మార్చుకుని వెళ్దామని. ఆ చొక్కా ఇంకా కారులోనే ఉంది."

పోలింగు తలుపుల బయట నిలబెట్టిన ఓట్లని ఏ లెక్కింపూ లోపలికి తీసుకురాలేదు. మావిస్‌కి అది తెలుసు. కానీ మళ్ళీ లెక్కించమనే కాగితంతో పాటు ఈ సంతకాలు పడితే, ఫలానా ఫ్యాక్టరీ ఫలానా రోజున రెండొందల పదకొండుమందిని కట్టేసిందని కోర్టు పుస్తకంలో ఉంటుంది. ఉండాలి. లేకపోతే రెండేళ్ళ తర్వాత మళ్ళీ మరమ్మతు వస్తుంది.

"మూడింటికి ఇవీ జతచేస్తాను," అంది.

"మూడింటికా?" అన్నాడు హోబర్ట్. పెద్ద కత్తి నూరుతున్నవాడు ఆగాడు. "మూడింటికి ఎవరికిస్తావ్?"

"కోర్టులో నాన్నా. దరఖాస్తు."

"కోర్టులో ఎవరుంటారు? ఇవాళ సగం పూట సెలవు. పన్నెండు కొట్టగానే తలుపులు మూసేసి గుమాస్తాలంతా సరాసరి నా దగ్గరికే వస్తారు. మొదటి ముక్కలు వాళ్ళవే. ఎన్నేళ్ళుగా చూస్తున్నా."

మావిస్ కోర్టు వైపు తిరిగి చూసింది.

ఆమెకి తెలీదు. ఈ ఊళ్ళో పుట్టి, యాభై మూడేళ్ళు ఈ కౌంటీలోనే బతికి, ఇవాళ సగం పూట సెలవని తెలీదు. ఎలా తెలుస్తుంది? కోర్టుకి సెలవు, బ్యాంకుకి సెలవు, బడికి సెలవు. కోళ్ళకి సెలవు లేదు. ఇరవై ఆరేళ్ళలో ప్రతి రిటర్న్ డేకీ ఆమె ఆ చీకటి గదిలోనే ఉంది. ఆ పనిలో చేరాక వేడి బన్ను తినలేదు. తండ్రి రాత్రికి కాగితంలో చుట్టి తెచ్చిన చల్లటి మాంసమే ఆమెకి మిగిలిన పండగ.

"ట్విల్లీకి తెలీదా ఈ సంగతి?" అంది.

"తెలీకపోవడమేంటి? పన్నెండుంబావుకి గుమాస్తాల వెంటే వచ్చేస్తాడు. కొవ్వున్న ముక్క కావాలంటాడు."

డెల్మీ చిన్నగా, తన భాషలో, ఒక పచ్చి బూతు మాట అంది.

మావిస్ పార్టీ వకీలుకి ఫోన్ చేసింది. అవతల బ్యాండు మోత. "మేడమ్, నేను బండికి రిబ్బన్లు కడుతున్నా. ట్విల్లీ గారు మూడింటికన్నారు కదా, మూడింటికి చూద్దాం" అని పెట్టేశాడు. గడియారం పదకొండూ ముప్ఫై ఎనిమిది.

అప్పుడామెకి అన్నీ ఒక్కసారిగా వరసలో నిలబడ్డాయి. ట్విల్లీకి ఆరు కోళ్ళ షెడ్లున్నాయి. ఒక్కో షెడ్డులో పాతికవేల కోళ్ళు. అవన్నీ పెరిగాక వెళ్ళేది ఆమె కొక్కాలకే. కాలవే ఆ ఫ్యాక్టరీకి వకీలు, ట్విల్లీ దానికి కోళ్ళు పెంచేవాడు. ఒకడు ముందు సీటుకి మనిషి, ఒకడు వెనక సీటుకి మనిషిని పట్టుకొచ్చేవాడు. రెండు చేతులూ పట్టుకున్న పిడి ఒక్కటే. నమ్మి మెడ చాపింది తను.

"నాన్నా, కాగితం ఉందా?"

"ఏం కాగితం?"

బల్ల మీద మాంసం చుట్టే తెల్లకాగితం చుట్టలున్నాయి. మావిస్ ఒక మూర చింపింది. హోబర్ట్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మాయ్. నువ్విది ఇస్తే నిన్ను బండెక్కనివ్వరు. లెక్క తేలనోళ్ళకి ముందు సీటూ లేదు, వెనక సీటూ లేదు."

"తెలుసు."

"తెలిసే ఇస్తున్నావా?"

"నాన్నా, ఆ బండెక్కితే ఓడిపోయానని ఒప్పుకున్నట్టే. ఇదిగో ఈ డెల్మీ తలుపు బయట నిలబడింది. నేను దాని వైపు వీపు పెట్టి ఎలా ఊరేగను?"

"వీపు పెట్టక్కర్లేదు. వెనక్కే తిరిగి ఉంటావు కదా," అన్నాడు ముసలాయన. చెయ్యి వదిలేశాడు. "నన్నడక్కు. ఇంకేం అడక్కు నన్ను." ఎద్దు వైపు తిరిగిపోయాడు.

మావిస్ నిలబడే రాసింది. ముడుచుకోని వేళ్ళ మధ్య పెన్ను ఇరికించి, పెద్ద పెద్ద అక్షరాలు. నేను, మావిస్ ఇ. డెరిక్సన్, అభ్యర్థిని, ఓట్లు మళ్ళీ లెక్కించమని అడుగుతున్నాను. తేడా ఆరువందల పద్నాలుగు. దీనితో రెండువందల పదకొండు సంతకాలు. సంతకం చేసింది. పరుగెత్తింది. డెల్మీ బూట్లు చప్పుడు చేస్తూ వెంట పరుగెత్తింది.

కోర్టు గుమ్మంలో తనిఖీ. డెల్మీని బెల్టు విప్పమన్నారు, బూట్లు విప్పమన్నారు. నువ్వాగు, నేను వెళ్తానని మావిస్ మెట్లెక్కేసింది. గదిలో గుమాస్తా కోటు తొడుక్కుంటోంది, సంచీ భుజానికి వేసుకుంటోంది. గోడ గడియారం పదకొండూ యాభై మూడు.

"ఇది దాఖలు చెయ్యాలి."

గుమాస్తా కాగితం అంచు పట్టుకుని చూసింది. "ఇది మాంసం చుట్టే కాగితమండీ."

"అవును."

"నూనె మరకుంది."

"అక్షరాల మీద లేదు."

"దీనికో ఫారం ఉంటుంది..."

"ఫారం లేకపోతే చెల్లదని రాసుందా? ఉంటే చూపించండి. నేను వెళ్ళిపోతాను."

గుమాస్తా ఆమెని పైనించి కిందికి చూసింది. పోస్టర్ల మీద చూసిన ముఖమే. చుట్టూ చూసింది, ఎవరూ లేరు. సంచీ బల్ల మీద పెట్టింది. ముద్ర తీసి తారీకు తిప్పి, కాగితం మీదా, సంతకాల కట్ట మీదా గట్టిగా రెండు దెబ్బలు కొట్టింది. పదకొండూ యాభై ఆరు.

"మూడింటికి వస్తే ఇక్కడ నా కుర్చీ తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు," అంది రసీదు చింపుతూ. "మీకెవరు చెప్పారు మూడింటికని?"

మావిస్ రసీదు తీసుకుని బయటికి నడిచింది. ఆ జవాబు చెప్పాల్సిన వాడు బయట మెట్ల మీదే ఉన్నాడు.

వార్త అప్పటికే చేరింది. వకీలు అనుమానపడి చెప్పుంటాడు. ట్విల్లీ ఎత్తు టోపీ చేతిలో పట్టుకుని, మొహం ఎర్రగా కందిపోయి నిలబడ్డాడు.

"ఏం చేశావు నువ్వు? ఏం చేశావు?"

"మీరు చెయ్యాల్సింది చేశాను."

"నేను చేస్తానన్నాను కదా!"

"మూసిన తలుపుకి ఇస్తానన్నారు."

"గొంతు తగ్గించు. జనం చూస్తున్నారు. రెండొందల ఏళ్ళ ఆచారమమ్మా ఇది! ఈ దేశంలో ఇంకెక్కడా లేదు. ఓడినోళ్ళు హుందాగా బండెక్కుతారు. మనలో మనకి పగలుండకూడదని పెద్దలు పెట్టారు."

"మనలో అంటే ఎవరెవరు ట్విల్లీ గారూ? మీరూ కాలవేనా? మీకిద్దరికీ పగ ఎప్పుడుంది? గొడ్డలి మీ ఇద్దరి చేతుల్లోనే ఉంటుంది, తీసేదీ మీరే, పాతేదీ మీరే. అది ఎవరి మెడ మీద పడిందో ఆ మెడనెవడైనా అడిగాడా, పాతెయ్యమంటావా అని?"

"అబ్బో, ఉపన్యాసం! ఎన్నికలైపోయాయి, ఇంకా మైకు దించలేదా?"

"ఆరువందల పద్నాలుగుతో అవ్వలేదు."

"తిరగబడదది. నీకూ తెలుసు. ఒక నలభై అటూ ఇటూ అవుతాయి, అంతే. దానికోసం నా నోట్లో మట్టి కొడతావా? ఆరు షెడ్లున్నాయి నాకు. బ్యాంకు ఊరుకుంటుందా? వచ్చే నెల ఫ్యాక్టరీవాళ్ళు నాకు కోడిపిల్లల్ని దింపకపోతే నేనేం తినాలి?"

ఇదీ అసలు మాట. ఆచారం కింద కోడిపిల్లలు కిచకిచమంటున్నాయి. మావిస్ ఒక మెట్టు దిగి ఆయనకి ఎదురుగా నిలబడింది.

"అది నాకు మొదటే చెప్పి ఉంటే మీకు కాస్త గౌరవం మిగిలేది. మావిస్, నాకు భయమేస్తోంది అని ఉంటే, భయం నాకు తెలుసు. నేనూ పాయింట్లు లెక్కపెట్టుకునే బతికాను. ఒట్టు పెట్టి మోసం చేశారు మీరు. అదీ నా మీద పెట్టారు."

ట్విల్లీ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. "బండిలో నీ పేరు కొట్టేయిస్తున్నా. కాలవే పక్కన ఎవరూ ఉండరు. ఈ పార్టీలో నీకింక గుమ్మం కూడా లేదు."

"గుమ్మం దాకా ఎప్పుడు రానిచ్చారు గనక?"

ఒకటిన్నరకి బ్యాండు మోగింది. బళ్ళు బయల్దేరాయి. మావిస్ గుంట దగ్గర నిలబడింది, తండ్రికి నాలుగడుగుల దూరంలో. ఆయన ఆమెకి వీపు తిప్పి ఉన్నాడు. మాంసం కోస్తున్నాడు, బన్నులో పెడుతున్నాడు, ఇస్తున్నాడు. వరస కోర్టు మూల దాకా సాగింది. వరసలో ఉన్న ఒక పెద్దమనిషి ఆమె వైపు చూసి, వినపడేలాగే, "ఓటమి ఒప్పుకోవడం కూడా చేతకాని మనుషులకి ఓట్లెందుకు వేశారో" అన్నాడు. వాడి పెళ్ళాం మోచేత్తో పొడిచింది. ఇంకో కుర్రది వచ్చి "థాంక్స్ మేడమ్" అని ఏడ్చేసి వెళ్ళిపోయింది. మావిస్‌కి రెండూ ఎక్కలేదు. తండ్రి వీపే కనపడుతోంది.

తెల్లగుర్రాల బండి మలుపు తిరిగింది. కాలవే ముందుకి చూస్తూ చెయ్యూపుతున్నాడు. ఎదుటి సీటు ఖాళీ. ఎర్ర గుడ్డ పరిచిన ఖాళీ సీటు. జనం చప్పట్లు కొట్టబోయి, ఆ సీటు చూసి, ఇదెవరిదని పక్కవాణ్ణి అడుగుతున్నారు. అడిగిన ప్రతివాడికీ ఎవడో ఒకడు చెప్పాల్సి వస్తోంది. లెక్క ఇంకా తేలలేదట. మళ్ళీ లెక్కిస్తారట. ఫ్యాక్టరీ వాళ్ళు జనాన్ని ఆపేశారట. కాలవే చిరునవ్వు పళ్ళ మీదే నిలబడిపోయింది.

హోబర్ట్ కత్తి ఆగింది. బండి పూర్తిగా దాటేదాకా చూశాడు. మళ్ళీ కోయడం మొదలెట్టాడు, ఇంకాస్త కోపంగా. ముక్కలు మందంగా పడుతున్నాయి.

వేదిక మీద ట్విల్లీ, అవతలి అధ్యక్షుడూ గొడ్డలి పిడి పట్టుకున్నారు. ఇసుక పోశారు. చప్పట్లు. ఫిరంగి పేలింది. రెండేళ్ళ తర్వాత అదే ఇసుకలోంచి అదే గొడ్డలి తీస్తారు, తుప్పు కూడా పట్టనివ్వరు.

పావుగంటకి ట్విల్లీ గుంట దగ్గరికొచ్చాడు. వరసని దాటుకుని, నేరుగా బల్ల ముందుకి. ఆయనకి వరస ఎప్పుడూ లేదు. మావిస్‌ని చూడనట్టే నిలబడ్డాడు.

"కొవ్వున్న ముక్క, హోబర్ట్."

హోబర్ట్ కోస్తున్నాడు.

"నీ కూతురు ఇవాళ చేసిన పని నువ్వూ చూశావు కదా. ఈ కమిటీలో నా మాట నడుస్తుందని నీకు తెలుసు. వచ్చేసారికి ఎద్దు కాల్చడానికి వేరే మనిషిని చూస్తాం. నీకూ వయసైపోయింది కదా. ఏమనుకోకు."

కత్తి మాంసం మధ్యలో ఆగిపోయింది.

మావిస్ ముందుకి కదిలింది. ఆయన ఎడంచెయ్యి ఎత్తి ఆపాడు. ఆమె చెయ్యి వదిలేశాక కూతురు వైపు మొదటిసారి చూశాడు. ఆ చూపులో ఇంకా కోపముంది. బండి చూడనివ్వలేదన్న కోపం అలాగే ఉంది, తగ్గలేదు. కానీ దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది, దానికంటే పెద్దది, దానికంటే పాతది.

కత్తి బయటికి లాగి చెక్కలో కసుక్కున దింపాడు. పిడి ఊగింది. ఏప్రన్ ముడి విప్పి, మడతపెట్టకుండా, ట్విల్లీ పొడుగు కోటు మీదకి విసిరాడు.

"వచ్చేసారిదాకా ఎందుకు క్లిఫర్డ్? ఇప్పుడే చూసుకో."

ట్విల్లీ గారూ అనలేదు, క్లిఫర్డ్ అన్నాడు. వరస ముందున్న నలుగురూ విన్నారు.

"హోబర్ట్, ఇంకా వెయ్యిమంది ఉన్నారు!"

"ఉన్నారు. ఆకలితో ఉన్నారు. మధ్యాహ్నం నించీ నిలబడ్డారు. పగలన్నీ పాతేశావు కదా, ఇక నీకు పనేముంది, కొయ్యి."

హోబర్ట్ వెళ్ళి పక్కనే ఉన్న తన ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద కూర్చున్నాడు. మావిస్ వెళ్ళి పక్కన కూర్చుంది, భుజం తగలకుండా. డెల్మీ వచ్చి ఇంకో పక్క నిలబడింది.

వరస గునిసింది. తర్వాత అరిచింది. ఎవరో "ఏంటి ఆగిపోయింది?" అన్నారు, ఎవరో "ట్విల్లీ గారూ కొయ్యండి సార్, చలేస్తోంది" అన్నారు, నవ్వులు. వేరే దారిలేక ట్విల్లీ ఎత్తు టోపీతోనే కత్తి పీకాడు. మాంసం మీద పెట్టి రంపంలా లాగాడు. ముక్క రాలేదు. పీచులు పీచులుగా చిరిగి చేతికి చుట్టుకుంది. మళ్ళీ లాగాడు. కోటు చెయ్యి జిడ్డులో మునిగింది.

హోబర్ట్ కాసేపు ఓర్చుకున్నాడు. నలభై నాలుగేళ్ళ చెయ్యి ఊరుకోలేదు. ట్రక్కు మీద నించే చక్రం అవతలి దాకా వినపడేలా అరిచాడు:

"పీచు వెంట కాదురా సన్నాసీ! అడ్డంగా! అడ్డంగా కొయ్యి!"